రోడ్డు వేయించిన నాయకుడే ఊళ్లో చిచ్చు పెడుతుంటే మళ్లీ ఆయనకే ఓటెయ్యాలా?

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇది. ఒడిశా సరిహద్దు జిల్లా, ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. మూడు ఎన్నికల నుంచి ఇంటిల్లిపాదీ ఒకే ఎమ్మెల్యేకి వేస్తున్నారు. ఆయన హయాంలో రోడ్డు పడింది, కుళాయి వచ్చింది. కానీ మైకు దొరికితే చాలు, ఒడియావాళ్లు వేరు తెలుగువాళ్లు వేరు, కొండమీదవాళ్లు వేరు కిందవాళ్లు వేరు, గుడి వేరు చర్చి వేరు అంటాడు. మీ మావయ్యగారు బ్లాకులో ఆయన మనిషి. ఈసారి వేయాలా, మానాలా? ఆయన పేరూ నియోజకవర్గమూ రాయకపోవడమే మంచిదైంది. పేరు తెలిస్తే చూపు ముందే ఒక పక్కకి ఒరిగిపోతుంది.

నా అభిప్రాయం మొదటే చెప్తాను. మనం ఎమ్మెల్యే ఖాతాలో వేసే పనుల్లో చాలావరకు ఎవరు గెలిచినా వచ్చేవే. చిచ్చు మాత్రం పూర్తిగా ఆయన సొంత సరుకు. "పని చేశాడు కదా, నోరు కాస్త దురుసైతే ఏముందిలే" అనేవాళ్లకి లెక్క తప్పేది ఇక్కడే. కాబట్టి ముందు ఆయన నిజంగా తెచ్చింది ఎంతో తేల్చుకోండి.

రోడ్డు దగ్గర శిలాఫలకం చూడకండి. అందులో ఉండేది కొబ్బరికాయ కొట్టినవాళ్ల పేర్లు. కాస్త అవతల ఇనప బోర్డు ఉంటుంది, అది చదవండి. పథకం పేరు, పొడవు, అంచనా మొత్తం, కాంట్రాక్టరు, మొదలైన తేదీ, పూర్తయిన తేదీ, మరమ్మతుల గడువు అందులో ఉంటాయి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన అని ఉంటే ఖర్చులో 60 వంతులు కేంద్రానివి, 40 రాష్ట్రానివి. మైదానంలో 500 జనాభా, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 జనాభా ఉన్న ఊళ్లని ఆ లెక్క ప్రకారమే ఎంచుకున్నారు. పూర్తయ్యాక ఐదేళ్లు మరమ్మతులు కాంట్రాక్టరు బాధ్యత. ఆ ఐదేళ్లలోపే గుంతలు పడి ఎవరూ పూడ్చకపోతే, అప్పుడు ఎమ్మెల్యే ఏం చేశాడన్నది అసలు ప్రశ్న. కుళాయి కూడా అంతే. జల్ జీవన్ మిషన్ ఖర్చు ఒడిశాలో కేంద్రం, రాష్ట్రం చెరిసగం. రేషన్‌లో మనిషికి నెలకి 5 కిలోలు ఇచ్చేది 2013 ఆహార భద్రతా చట్టం. సుభద్ర డబ్బు, అంటే 21 నుంచి 60 ఏళ్ల ఆడవాళ్లకి ఏడాదికి రెండు విడతల్లో వచ్చే 10,000 రూపాయలు, ఆధార్‌కి కలిపిన ఖాతాలో నేరుగా పడుతుంది. "ఆయన ఓడిపోతే ఇవి ఆగిపోతాయి" అని ఎవరైనా మీ అమ్మగారికి చెప్తే అది ఉత్త బెదిరింపు.

మరి ఎమ్మెల్యే చేతిలో ఏమీ లేదా అంటే, ఉంది. మండీలో ధాన్యం దించాక క్వింటాకి ఇన్ని కిలోలు అంటూ మిల్లరు తీసే కోత, అదే మనవైపు అందరూ తిట్టుకునే కట్నీ ఛట్నీ, అది జరుగుతున్నప్పుడు ఆయన కలెక్టరుకి ఫోన్ చేశాడా? బ్లాకు ఆసుపత్రిలో డాక్టరు పోస్టు ఎన్నాళ్లు ఖాళీగా ఉంది? తెలుగు మీడియం బడిలో టీచరు రిటైరయ్యాక ఆ పోస్టు నింపమని అసెంబ్లీలో ప్రశ్న వేశాడా? ప్రశ్నలు, జవాబులు ఒడిశా శాసనసభ వెబ్‌సైటులో పెడతారు. ఇక్కడో జాగ్రత్త: మంత్రులు ప్రశ్నలు అడగరు, జవాబిస్తారు. ఆయన మంత్రిగా ఉన్న కాలాన్ని పక్కన పెట్టి లెక్కేయండి. అలాగే బిల్లులమీద ఆయన వేసిన ఓటు చూసి తీర్పు చెప్పకండి. 1985 నాటి ఫిరాయింపుల చట్టం వచ్చాక విప్, అంటే పార్టీ ఆదేశం, ఎటు అంటే చెయ్యి అటే లేస్తుంది.

ఎమ్మెల్యే నిధి సంగతి కాస్త శ్రమపడి చూడాల్సినదే, కానీ విభజన రాజకీయం కాగితం మీద దొరికేది అక్కడే. కలెక్టరేటులో ప్రణాళికా విభాగం పౌర సమాచార అధికారికి ఆర్‌టీఐ దరఖాస్తు పెట్టండి. ఒడిశాలో ఫారం-ఎ వాడాలి, 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి, గుర్తింపు కార్డు నకలు జతచేయాలి. బీపీఎల్ కార్డు ఉంటే ఫీజు లేదు. దరఖాస్తు తెలుగులో రాస్తే తిప్పి పంపుతారు. చట్టం ప్రకారం ఇంగ్లీషు, హిందీ, ఆ ప్రాంతపు అధికార భాష, ఈ మూడే చెల్లుతాయి. "ఎందుకు చేయలేదు", "ఎవరి ఒత్తిడి" లాంటి ప్రశ్నలు వేస్తే "ఇది సమాచారం కాదు" అని ఒక్క ముక్కలో కొట్టేస్తారు. ఎమ్మెల్యే సిఫారసు చేసిన పనుల జాబితా నకలు, ఊరి పేరు, మంజూరైన మొత్తం, ఖర్చయిన మొత్తం, పని ఏ దశలో ఉంది, ఇంతవరకే అడగండి. ఐదేళ్లది ఒకేసారి అడిగితే కాగితాలు ఎక్కువన్న సాకు దొరుకుతుంది, ఏడాదికో దరఖాస్తు మేలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలుకి 20 రూపాయల స్టాంపు.

ఆ జాబితా పక్కన ఫారం-20 పెట్టుకోండి. బూత్‌ల వారీగా ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో చెప్పే కాగితం అది. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో ఉంటుంది. చాలామంది తికమకపడేది ఎక్కడంటే, ఫారం-20లో బూత్ నంబర్లే ఉంటాయి, ఊళ్ల పేర్లుండవు. పైగా ఎన్నికకీ ఎన్నికకీ నంబర్లు మారుతుంటాయి. ఏ ఏడాది ఫారం చూస్తున్నారో ఆ ఏడాది పోలింగ్ కేంద్రాల జాబితానే పక్కన పెట్టుకోవాలి. తనకి ఓట్లు పడిన వీధులకే సిమెంటు రోడ్లు, కమ్యూనిటీ హాళ్లు, ఎదురు తిరిగిన వీధులకి చేతిపంపు కూడా లేదు అని తేలితే, ఆయన మీటింగుల్లో అనేది ఆవేశంలో నోరుజారడం కాదు, పాలించే పద్ధతే అది. పనులు అన్ని వీధులకీ సమానంగా వెళ్లుంటే ఆయన పక్షాన ఒక మాట వేసుకోవచ్చు, అదీ ఒప్పుకోవాలి.

ఇక మాటలు. సరిహద్దు జిల్లాల్లో మనకున్న వెసులుబాటు ఏమిటంటే, నాయకుడు పొద్దున ఒడియా బస్తీలో, సాయంత్రం తెలుగు వీధిలో, మర్నాడు సొర, కుయి భాషల గిరిజన గూడేల్లో మాట్లాడతాడు. ఒకే రోజు రెండు భాషల్లో మాట్లాడిన మాటలు పక్కపక్కన వినండి. స్థానిక ఛానళ్లు ఫేస్‌బుక్ లైవ్ ఇస్తుంటాయి, అరగంటో గంటో ఉన్న పూర్తి వీడియో దొరుకుతుంది. వాట్సాప్‌లో తిరిగే ముప్పై సెకన్ల ముక్కని నమ్మొద్దు. దాని కింద తెలుగులో వేసిన అక్షరాలని అసలే నమ్మొద్దు, అనువాదంలోనే అబద్ధం దూర్చేస్తారు. ఒడియా బాగా వచ్చినవాళ్లని పక్కన కూచోబెట్టుకుని, ఆయన "బయటివాళ్లు" అన్నప్పుడు ఎవరిని ఉద్దేశించి అన్నాడో చూడండి. పొద్దున అక్కడ "ఉద్యోగాలు బయటివాళ్లు పట్టుకుపోతున్నారు" అని, సాయంత్రం మన దగ్గర "మీకు అన్యాయం చేస్తోంది వాళ్లే" అంటే, ఆయన ఎవరి పక్షమూ కాదు. 2024లో ఒడియా అస్మిత, అంటే ఒడియా ఆత్మగౌరవం, పెద్ద ప్రచారాంశమైంది, అప్పటి ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్‌కి సన్నిహితుడు, తమిళనాడులో పుట్టిన వి.కె. పాండియన్ పేరు ప్రతి సభలో నలిగింది. ఇక్కడే పుట్టిపెరిగిన తెలుగువాళ్లు అలాంటి మాటలు వింటున్నప్పుడు రేపు ఆ వేలు ఎటు తిరుగుతుందోనని అనుకోవడం సహజం.

కేసులు కూడా చూడండి, కానీ కేసులున్నంత మాత్రాన కొట్టిపారేయకండి. నామినేషన్‌తో ఇచ్చే ఫారం-26 అఫిడవిట్ ఎన్నికల సంఘం పోర్టల్లో ఎవరైనా దించుకోవచ్చు. పాత పీనల్ కోడు 143, 341, 188 సెక్షన్లు కనిపిస్తే సాధారణంగా ధర్నాలు, రాస్తారోకోల కేసులు. ప్రతిపక్షంలో ఉన్నవాడికి అవి ఉండటం వింత కాదు. 153-ఎ, 295-ఎ, 505(2) ఉంటే ఆగి చదవండి, అవి వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టిన, మతభావాలని గాయపరిచిన కేసుల సెక్షన్లు. 2024 జులై 1 తర్వాతి కేసులైతే భారతీయ న్యాయ సంహితలో అవే 196, 299, 353(2). ఎన్నికల సందర్భంలో చేస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 125 కూడా పడుతుంది. కోర్టు అభియోగాలు నమోదు చేసిందా లేదా అన్న గడి కూడా అదే ఫారంలో ఉంటుంది, ఎఫ్ఐఆర్ కన్నా దానికి బరువెక్కువ. 153-ఎ కింద శిక్షపడితే, జరిమానాతో వదిలినా సరే, ఆరేళ్లు పోటీకి అనర్హత.

ఆ చిచ్చు ఖర్చు ఎవరు భరించారన్నది మాత్రం అఫిడవిట్‌లో ఉండదు. గొడవ జరిగిన వారం సంత మూతపడితే నష్టం కూరగాయలమ్మేవాళ్లది. ఎఫ్ఐఆర్‌లో నలుగురి పేర్లు రాసి చివర "మరికొందరు" అని పెడతారు. ఆ మాట కిందకి తర్వాత ఏ కుర్రాడి పేరైనా చేరుతుంది. కానిస్టేబులుకో రైల్వేకో ఎంపికయ్యాక పోలీసు వెరిఫికేషన్ దగ్గర, లేదా పాస్‌పోర్టు దగ్గర అది బయటపడుతుంది. నాయకుడి పేరు ఆ కాగితంలో ఉండదు, ఆయన అప్పటికి భువనేశ్వర్‌లో ఉంటాడు. ఒడిశా పోలీసుల సిటిజన్ పోర్టల్లో, సున్నితమైనవి మినహాయిస్తే, ఎఫ్ఐఆర్‌లు చూడొచ్చు. గత ఐదేళ్లలో మీ పోలీసు స్టేషన్ పరిధిలో ఆయన సభల తర్వాత ఎన్ని కేసులు పడ్డాయో, ఆ కుర్రాళ్లలో ఎంతమందికి ఆయన లాయరుని పెట్టాడో కనుక్కోండి. కులం, మతం పేరుతో రాజుకున్నది ఎంతదూరం పోతుందో చూడటానికి మనం మరో రాష్ట్రానికి వెళ్లక్కర్లేదు. 2008లో పక్కనే కంధమాల్‌లో వేలమంది ఇళ్లు వదిలి శిబిరాల్లో తలదాచుకున్నారు.

ఇదంతా చూశాక కూడా "అవతలివాడు ఇంకా ఘోరం" అనిపించవచ్చు. అప్పుడు ఓటుని ముక్కలు చేయడం ఒక దారి. ఒడిశాలో లోక్‌సభకీ అసెంబ్లీకీ ఒకేరోజు వేస్తాం, తెల్ల బ్యాలెట్ లోక్‌సభది, గులాబీది అసెంబ్లీది. 2024లో జనం రెండిటికీ ఒకేలా వేయలేదు. నవీన్ పట్నాయక్ పార్టీ బీజేడీకి అసెంబ్లీలో 40 శాతం దాటి ఓట్లు, 51 సీట్లు వచ్చాయి, లోక్‌సభలో 21కి ఒక్కటీ రాలేదు. మెజారిటీ తగ్గించడం కూడా మాట వినిపించే పద్ధతే. గంజాం జిల్లా హింజిలిలో నవీన్ పట్నాయక్ 2019లో 60 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచి, 2024లో 4,636తో బయటపడ్డారు. సీటు ఊడలేదు కానీ సంగతి అందరికీ అర్థమైంది. పంచాయతీ ఎన్నికలు 2022 ఫిబ్రవరిలో జరిగాయి, ఐదేళ్ల గడువు. అక్కడ ఒక్కొక్కరికి నాలుగు ఓట్లు: వార్డు సభ్యుడు, సర్పంచ్, సమితి సభ్యుడు, జిల్లా పరిషత్ సభ్యుడు. పార్టీ గుర్తు ఉండేది జిల్లా పరిషత్ ఓటుకే. సర్పంచ్‌గా మంచివాడిని ఎన్నుకుని, జిల్లా పరిషత్‌లో మీ ఎమ్మెల్యే పార్టీకి కోత పెడితే, అసెంబ్లీ ఎన్నికలకి ముందే కబురు అందుతుంది. నోటా మీద ఆశ పెట్టుకోకండి. 2013 నుంచి ఉంది, కానీ దానికే ఎక్కువ ఓట్లు పడినా తర్వాత ఎక్కువ వచ్చిన అభ్యర్థే గెలుస్తాడు. ఇద్దరూ ఒకే తానులో ముక్కలైతే తప్ప నేనైతే అది నొక్కమనను.

మావయ్యగారి సంగతి. "ఎవరికి వేశావో తెలిసిపోతుంది" అని ఆయన అన్నా, ఆయన చేత ఎవరైనా అనిపించినా భయపడకండి. వీవీప్యాట్ చీటీ 7 సెకన్లు మీకే కనబడి పెట్టెలో పడుతుంది. ఫారం-20లో తెలిసేది బూత్ మొత్తం లెక్కే. ఏడెనిమిది వందల ఓట్లున్న బూత్‌లో ఒక ఇల్లు కనబడదు. కొండమీద చిన్న గూడేనికే ఒక బూత్ ఉంటే మాత్రం ఆ గూడెం మొగ్గు దాచలేం, అక్కడివాళ్లు భయపడితే తప్పుపట్టను. మావయ్యతో వాదన పెట్టుకోనక్కర్లేదు, "చూద్దాం మావయ్యా" అంటే చాలు.

ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు ఎమ్మెల్యే రెచ్చగొట్టే మాటలు మీ ఎదుటే మాట్లాడితే ఎన్నికల సంఘం సీ-విజిల్ యాప్ తెరిచి అందులోనే వీడియో తీయండి. ఫోన్‌లో ముందే తీసినది, ఎవరో పంపినది అది తీసుకోదు. అలాంటి పాత వీడియోకి ఓటరు హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేయడమో, రిటర్నింగ్ అధికారికి తేదీ, స్థలం రాసి పెన్‌డ్రైవ్‌తో ఇచ్చి రసీదు తీసుకోవడమో చేయండి.

చివరగా ఇంట్లో ఓట్లు సరిచూసుకోండి. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి వచ్చిన కోడళ్లకి పుట్టింట్లో ఓటు అలాగే ఉండిపోవడం మనవైపు మామూలే. రెండుచోట్ల ఉండటానికి చట్టం ఒప్పుకోదు. 2024లో ఆంధ్రకీ, కొరాపుట్, బరంపురం లోక్‌సభ స్థానాలకీ పోలింగ్ ఒకేరోజు, మే 13న పడింది. రెండోచోట వేయడం ఎలాగూ కుదరలేదు, పేరు మాత్రం రెండు జాబితాల్లో మిగిలిపోయింది. ఫారం-8 పెట్టి ఇక్కడికి మార్పించండి, నామినేషన్ల ఆఖరు తేదీకి పది రోజుల ముందే బీఎల్‌ఓ, అంటే మీ బూత్ అధికారి, చేతికి అందేలా చూసుకోండి.