సైగలు నేర్పితే మాటలు రావా?

ప్రశ్న: మా అక్క, బావ ఇద్దరూ పుట్టుకతో బధిరులు. పిల్లలిద్దరికీ వినికిడి చక్కగా ఉంది. ఏడాదిన్నర బాబుతో సైగలు చేస్తే మాటలు రావని, ఇంట్లో రోజంతా టీవీ పెట్టి ఉంచమని బంధువులు అంటున్నారు. తొమ్మిదేళ్ల పాప ఆసుపత్రిలో, బ్యాంకులో అమ్మానాన్నల తరఫున మాట్లాడుతుంది. అందరూ మెచ్చుకుంటారు గానీ, ఈమధ్య పాప ఎవరితోనూ కలవడం లేదు. ఏం చేయాలి?

జవాబు: బాబు విషయంలో మీ బంధువుల సలహాను పక్కన పెట్టండి. సంజ్ఞా భాషకు సొంత నిర్మాణం ఉందని, అది నోటి మాటల భాషకు ఏమాత్రం తీసిపోదని అమెరికన్ భాషావేత్త విలియం స్టోకీ 1960లోనే చూపించారు. వినికిడి ఉన్న బిడ్డ ఆ భాషను తల్లిదండ్రుల వద్ద, మాటలను మీ వంటి బంధువుల వద్ద, తోటి పిల్లల వద్ద ఏకకాలంలో నేర్చుకోగలడు. ఇక టీవీ సంగతి. బధిర దంపతుల ఇంట సైగలు నేర్వకుండా, మాటలను ప్రధానంగా టీవీలోనే వింటూ పెరిగిన ఒక బాబు నాలుగేళ్లు నిండవస్తున్నా వాక్యాలు సరిగా కూర్చలేకపోయాడని, పెద్దలు ఎదురుగా కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టాక వేగంగా పుంజుకున్నాడని 1981లో వెలువడిన ఒక అధ్యయనం చెబుతోంది. టీవీ ఎంత మాట్లాడినా, పిల్లవాడు అడిగినదానికి బదులివ్వదు కదా. మీరు రోజూ కాసేపు వాడితో కబుర్లు చెప్పండి, చాలు.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించినది పాప పరిస్థితి. డాక్టరు చెప్పే చేదు వార్త తల్లికన్నా ముందు పాప చెవిన పడుతుంది. అందులో ఎంత చెప్పాలో, ఎంత దాచాలో అక్కడికక్కడే తేల్చుకోవలసినదీ ఆ పసిదే. కౌంటర్ దగ్గర గుమస్తా అమ్మను విసుక్కుంటే ఆ విసుగును తనలోనే దిగమింగుకోవాలి. టీచరు తన మీద చేసే ఫిర్యాదును అమ్మకు చేరవేయవలసినదీ తనే (అది ఎంత మెత్తబడి చేరుతుందో ఊహించుకోవచ్చు). ఇలాంటి పిల్లలను అందరూ మెచ్చుకునే కొద్దీ, 'నేను రాను' అనడం వారికి మరింత కష్టమవుతుంది.

ఇంటికి వచ్చినవారితో ఒక మాట చెప్పడం వంటి చిన్న పనులు పాప చేస్తే తప్పులేదు. వైద్యం, డబ్బు, బడి వ్యవహారాలకు మాత్రం వృత్తి దుభాషిని పిలిపించండి. నేరుగా రాలేకపోతే వీడియో కాల్‌లోనైనా సరే. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం, తొమ్మిదవ అధికరణంలో, ఇటువంటి దుభాషులను అందుబాటులో ఉంచే బాధ్యతను ప్రభుత్వాలకు అప్పగించింది. తలుపు గంట మోగితే వెలిగే దీపాలు, బిడ్డ ఏడిస్తే దిండు కింద కంపించే పరికరాలు ఉన్నాయి. అవి ఉంటే తమ్ముడు ఏడ్చిన ప్రతి రాత్రీ పాప లేచి అమ్మను తట్టవలసిన పని ఉండదు.

ఇవన్నీ ముందుగా మీ అక్కతోనే మాట్లాడండి, పాపను మధ్యలో కూర్చోబెట్టకుండా. అందుకు మీకూ సైగలు రావాలి. పెద్దలు నేర్చుకోని ఇంట్లోనే ఆ భారమంతా పిల్లల మీద పడుతుంది. పాప ముభావం కొన్ని వారాలైనా తగ్గకపోతే పిల్లల మానసిక నిపుణులకు చూపించండి. ఆ రోజు నిపుణుల మాటలను తల్లిదండ్రులకు చేరవేసే పని మాత్రం పాపకు అప్పగించకండి.