పూటకో ప్రశ్న: మా టేబుల్ దగ్గర రీసెర్చ్ ఇలా నడుస్తుంది

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో, అంటే ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు అందులో పాత్రలుగా ఆడే గేమ్‌లో, ప్లేయర్లు ఏ ఊరికి వెళ్లినా ముందు లైబ్రరీ ఎక్కడ అని అడుగుతున్నారు, రోల్ (పాచిక వేసి తేల్చడం) పాసైతే రాసుకున్న నోట్స్ మొత్తం చదివి వినిపించాల్సి వస్తోంది, ఫెయిలైతే కథ అక్కడే ఆగిపోతోంది, ఏం చేయాలి అని అడిగారు కదా. నేను నాలుగేళ్లుగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ 5వ ఎడిషన్ నడుపుతున్నాను, మొదటి ఏడాదిలో నాకూ అచ్చం ఇదే జరిగింది.

అప్పటి నా కథలో ఒక పాడుబడ్డ బురుజు, దాని కింద తలుపు, లోపల బందీగా ఉన్న భూతం పేరు పలికితే తప్ప ఆ తలుపు తెరుచుకోదు. ఆ పేరు గుడి గ్రంథాలయంలో ఉంటుందని పెట్టుకున్నాను. విజర్డ్ (చదువుకుని మంత్రాలు నేర్చిన పాత్ర) ఆడే అమ్మాయి రోల్ చేస్తే పాచిక, బోనస్ మొత్తం కలిపి 5 మాత్రమే వచ్చింది, ఏమీ దొరకలేదు అని చెప్పేశాను. ఆ తర్వాత గంటన్నర వాళ్లు ఊరంతా తిరిగారు, చివరికి నేనే ఒక ముసలి పూజారిని పంపి పేరు చెప్పించాను. పుస్తకాల మనిషిగా క్యారెక్టర్ చేసుకుని వచ్చిన అమ్మాయికి ఆ రోజు చేయడానికి పనే లేకుండా పోయింది. అది నాకు చాలా బాధగా అనిపించింది.

అప్పటి నుంచి ఒకటే పట్టుకున్నాను: కథ ముందుకు సాగడానికి కావాల్సిన సమాచారానికి రోల్ పెట్టను. సరైన చోటికి వెళ్లి సరైన ప్రశ్న వేస్తే అది దొరుకుతుంది. ఎంతసేపు పట్టింది, ఎంత ఖర్చయింది, వీళ్లు వెతుకుతున్నారని ఇంకెవరికి తెలిసింది, ఇవి మాత్రమే డైస్ తేలుస్తుంది.

2017లో వచ్చిన ఈ గేమ్ అదనపు రూల్స్ పుస్తకం జానథర్స్ గైడ్‌లో రీసెర్చ్ రూల్ ఉంది, చూసే ఉంటారు. ఐదు రోజుల పని, కనీసం 50 గోల్డ్ (గేమ్‌లోని బంగారు నాణేలు) ఖర్చు, ఆపైన పెట్టే ప్రతి 100 గోల్డ్‌కి ఇంటెలిజెన్స్ చెక్ (పాత్ర తెలివి మీద వేసే రోల్) మీద +1, అలా +6 వరకు. 5 లోపు వస్తే ఏమీ లేదు, 6 నుంచి 10కి ఒక సంగతి, 20 వరకు రెండు, 21 లేదా ఆపైన వస్తే మూడు. రెండు సాహసాల మధ్య ఖాళీ దొరికినప్పుడు ఇది బాగా పనిచేస్తుంది, నేను ఇప్పటికీ వాడతాను. కానీ కథలో రేపు రాత్రికి శత్రువు పూజ జరిగిపోతుందనగా ఐదు రోజులు ఎక్కడి నుంచి వస్తాయి?

అందుకే మా దగ్గర లెక్క పూటల్లో ఉంటుంది. ఒక పూటకి ఒక మనిషి ఒకే ప్రశ్న. "బురుజు గురించి చూస్తా" అంటే ఊళ్లో అందరికీ తెలిసినదే వస్తుంది, "బురుజు కట్టిన ఏడాది గుడి ఖర్చుల లెక్కల్లో ఏముంది" అంటే లోతైనది వస్తుంది. పూట గడిచిన ప్రతిసారీ శత్రువు ఒక అడుగు ముందుకేస్తాడు. మిగతావాళ్లు ఊరికే కూర్చోరు, ఫైటర్ (యోధుడు) పాత సిపాయిల దగ్గరికి, రోగ్ (దొంగ విద్యలు తెలిసిన పాత్ర) తాళం వేసిన గదికి వెళ్తారు, వాళ్లవీ ప్రశ్నలే.

ఏ భాషైనా అర్థమయ్యేలా చేసే స్పెల్ (మంత్రం) కాంప్రహెండ్ లాంగ్వేజెస్ ఉందిగా, ఏ పుస్తకమైనా చదివేస్తాం అంటారు ప్లేయర్లు. ఆ స్పెల్‌తో ఒక పేజీ చదవడానికి దాదాపు ఒక నిమిషం పడుతుంది, స్పెల్ ఉండేది గంట. రిచువల్‌గా, అంటే మంత్రశక్తి ఖర్చు కాకుండా నిదానంగా వేస్తే, ప్రతిసారీ ఇంకో పది నిమిషాలు. 400 పేజీల పుస్తకానికి లెక్కేయండి, ఎనిమిది గంటలకి కాస్త తక్కువ, అంటే దాదాపు రెండు పూటలు! ఒకసారి మన తాళపత్రాలు దగ్గర నుంచి చూశాను, పదాల మధ్య ఖాళీ లేదు, విషయసూచిక లేదు, అంచు విరిగిన చోట వాక్యమే లేదు. చూసి వచ్చాక గేమ్‌లో పాత గ్రంథాలన్నీ అలాగే వర్ణిస్తున్నాను. వెతకడం కష్టమని విడిగా చెప్పాల్సిన అవసరం రావడం లేదు.

మొన్నామధ్య అదే అమ్మాయి మళ్లీ విజర్డ్, మళ్లీ లైబ్రరీ, ఈసారి 3. ఆమె వెతుకుతున్న సమాధి దారి దొరికింది, కానీ సాయంత్రమైపోయింది, ఆ పేజీలో అప్పటికే ఎవరో పెట్టిన ఎర్ర దారం గుర్తు ఉంది. ఎవరు తీశారని గ్రంథపాలకుడిని అడిగితే, నిన్న పొద్దున్న వచ్చిన మనిషి అన్నాడు. ఎవరూ భోజనానికి కూడా ఆగలేదు, ఆ రాత్రే గుర్రాలు ఎక్కారు.