పాత జాగ్వార్ ఈ-టైప్ విలువ ఎలా కట్టాలి?

1961 నుంచి 1974 దాకా తయారైన ఈ-టైప్ స్పోర్ట్స్ కార్లలో సిరీస్ 1కే, అంటే మొదటి తరం కార్లకే గిరాకీ ఎక్కువ. అందులోనూ బానెట్ గొళ్లేలు బయటికి ఉన్న 1961 నాటి తొలి కార్లంటే కలెక్టర్లు ఎగబడతారు.

అమ్మకానికి పెట్టిన ప్రకటనల్లో కనిపించే ధర అమ్మేవాళ్ల ఆశ. అదే సిరీస్, అదే కండిషన్‌లో ఉన్న కారు వేలంలో చివరికి ఎంతకు పోయిందో చూడండి. ఇంజిన్, ఛాసిస్ నంబర్లు హెరిటేజ్ సర్టిఫికెట్‌లో (కారు తయారైనప్పటి వివరాలు చెప్పే పత్రంలో) ఉన్నవాటితో కలవకపోతే రేటు తగ్గించాల్సిందే.

ఇక అసలు సంగతి తుప్పు. పెయింట్ మెరుపు చూసి మోసపోకుండా కారు కిందికి దూరండి. తలుపుల కింద ఉండే సిల్స్ మీద చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. బాడీ ఉక్కుదే కాబట్టి గట్టిగా అంటుకోవాలి. జారిపోతోందంటే, తుప్పు మీద పుట్టీ దట్టంగా మెత్తారని అనుమానించండి. నేనైతే అక్కడే బేరం ఆపేస్తాను.