సియాటెల్ సరస్సుల ఒడ్డు పార్కులకు పిల్లలతో వెళ్లేముందు

బెల్‌వ్యూ, రెడ్‌మండ్, కర్క్‌లాండ్, ఇసక్వా, రెంటన్ వైపు కొత్తగా వచ్చిన మనవాళ్లు మే నెలలో ఎండ మొహం కనిపించగానే పిల్లల్ని తీసుకుని సరస్సు ఒడ్డుకు బయల్దేరతారు. వెళ్లాల్సిందే. ఈ ఊళ్లలో పిల్లలకు ఇంతకంటే మంచి కాలక్షేపం లేదు. కాకపోతే ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకోండి: ఎండను చూసి నీళ్లను నమ్మకూడదు.

మే నెలలో బయట 85°F (29°C) ఉన్న రోజున కూడా లేక్ వాషింగ్టన్ నీళ్లు 60°F (16°C) అటూ ఇటూగానే ఉంటాయి. ఈ సరస్సు లోతు కొన్నిచోట్ల 200 అడుగులు దాటుతుంది. అన్ని నీళ్లు వేడెక్కడానికి నెలలు పడుతుంది కాబట్టి జూలై, ఆగస్టు వచ్చేదాకా పిల్లలు సుఖంగా ఆడుకునే వేడి రాదు. అంత చల్లటి నీళ్లలో ఒక్కసారిగా మునిగితే మనిషికి తెలియకుండానే గుక్క తిప్పుకోలేని ఎగశ్వాస వస్తుంది. తల నీళ్లలో ఉండగా అది వస్తే నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కొద్ది నిమిషాల్లో చేతులు, కాళ్లు మొద్దుబారి ఈత వచ్చినా కదలవు. గోదావరిలో, కృష్ణలో ఈది పెరిగినవాళ్లకు కూడా ఈ చలి కొత్తే. మే, జూన్‌లలో మోకాళ్ల లోతు దాటనివ్వకండి. ఇసుక, బకెట్టు, పార చాలు.

ఏ పార్కుకు వెళ్లాలన్నది పిల్లల వయసును బట్టి తేల్చుకోండి. నడక నేర్చిన పసివాళ్లుంటే కర్క్‌లాండ్‌లోని వానీటా బీచ్ పార్కు మొదట చూడండి. ఇసుక ఒడ్డు, చాలా దూరం వరకు లోతు తక్కువ, నీళ్ల చుట్టూ వంపు తిరిగిన చెక్క వంతెన, పక్కనే ఆటస్థలం. దగ్గర్లోని వానీటా బే పార్కు వేరు. అది చిత్తడి నేల, ఈతకు కాదు. అక్కడి చెక్కబాటల మీద తాబేళ్లను, కొంగలను చూపించవచ్చు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ తాతయ్యలను తీసుకెళ్లడానికి, చలికాలం నడకకు బాగుంటుంది. రెంటన్‌లోని జీన్ కూలన్ పార్కు పెద్దది. స్ట్రోలర్ తోసుకుంటూ నీళ్ల పక్కనే చాలాసేపు నడవొచ్చు. కుక్కలను రానివ్వరు గనక, కుక్కంటే హడలిపోయే పిల్లలకు అక్కడ నిశ్చింత. బెల్‌వ్యూ డౌన్‌టౌన్‌లో ఉండేవాళ్లకు మైడెన్‌బావర్ బే పార్కు నడక దూరమే. 2019లో తెరిచారు. కొండ వాలు మీద ఉండటం వల్ల తిరుగుప్రయాణంలో నిద్రపోతున్న పిల్లాడిని ఎత్తుకుని ఎక్కాల్సి వస్తుందని గుర్తుంచుకోండి. సియాటెల్‌లో గ్రీన్ లేక్ చుట్టూ 2.8 మైళ్ల బాట ఉంది. దాని ఉత్తరం వైపు వేసవిలో పిల్లల కోసం లోతులేని కొలను నింపుతారు. నాలుగేళ్ల లోపు వాళ్లకు సరస్సు కంటే అదే మేలు.

ఇసక్వాలోని లేక్ సమామిష్ పార్కు రాష్ట్రానిది. అక్కడ కారు పెట్టాలంటే డిస్కవర్ పాస్ తప్పనిసరి. ఒక్కరోజుకు 10 డాలర్లు, ఏడాదికి 2025 అక్టోబర్ నుంచి 45. ఏడాది పాస్ మీద రెండు కార్ల నంబర్లు రాసుకోవచ్చు. ఏడాదిలో ఐదుసార్లు వెళ్తే పాస్ ఖర్చు వచ్చేసినట్టే. ఊరి పార్కులకు ఈ పాస్ అక్కర్లేదు గానీ, ఎక్కడైనా సరే కారు దిగగానే పార్కింగ్ బోర్డు చదవండి.

కారు ఇంకా కొనలేదా? 2 లైన్ రైలు 2025 మే నుంచి రెడ్‌మండ్‌లోని మేరీమూర్ విలేజ్ స్టేషన్‌లో ఆగుతోంది. అక్కడ దిగితే మేరీమూర్ పార్కు పక్కనే. పద్దెనిమిదేళ్లు, అంతకు లోపు పిల్లలకు రైలు, బస్సు ఉచితం. స్నేహితుల కారులో వెళ్లేటప్పుడు మాత్రం కార్ సీటు సంగతి తేలిగ్గా తీసుకోకండి. వాషింగ్టన్ చట్టం ప్రకారం రెండేళ్ల లోపు వాళ్లు వెనక్కి తిరిగి ఉన్న సీటులో, నాలుగేళ్ల దాకా పట్టీల సీటులో, ఆపైన 4 అడుగుల 9 అంగుళాల ఎత్తు వచ్చేదాకా బూస్టర్ (ఎత్తు పెంచే సీటు) మీద కూర్చోవాలి. "రెండు మైళ్లే కదా, ఒళ్లో కూర్చోబెట్టుకుంటా" అనే మాట ఇక్కడ చెల్లదు.

వేసవి శనాదివారాల్లో పదకొండు దాటితే పార్కింగ్ దొరకడం కష్టం. తొమ్మిదిన్నరకల్లా చేరండి, లేదా సాయంత్రం ఐదు తర్వాత వెళ్లండి. జూన్‌లో తొమ్మిది దాటేదాకా వెలుతురు ఉంటుంది కాబట్టి సాయంత్రం వెళ్తే పోయేదేమీ లేదు. పైగా ఎండ తగ్గుతుంది. లైఫ్‌గార్డులు ఉండేది సాధారణంగా జూన్ చివరి నుంచి సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే దాకా, అదీ మధ్యాహ్నం నుంచి, అదీ కొన్ని బీచ్‌లలోనే. ఆ ఏటి వేళలు మీ ఊరి పార్కుల శాఖ పేజీలో చూసుకోండి. పొద్దున్నే వెళ్తే కాపలా మీదే.

బయల్దేరే ముందు కింగ్ కౌంటీ బీచ్ పేజీ తెరవండి. వేసవిలో ఈత బీచ్‌ల నీళ్లను వారం వారం పరీక్షించి, ఇ-కోలై ఎక్కువైతే మూసేస్తారు. ఆ సూక్ష్మజీవులు చేరడానికి బాతుల రెట్టలు ఒక పెద్ద కారణం. అందుకే బాతులకు బ్రెడ్డు, మరమరాలు వేయకండి. పిల్లలకు సరదాగానే ఉంటుంది, కానీ అవి అక్కడే మకాం వేస్తాయి, ఆ నీళ్లలోనే మన పిల్లలు దిగాలి. నీటి మీద ఆకుపచ్చ పెయింట్ ఒలికినట్టు తెట్టు కనిపిస్తే అది విషపు నాచు కావచ్చు. బోర్డు ఉన్నా లేకున్నా పిల్లల్ని దించకండి. నీళ్లు మింగేది వాళ్లే. బయటికి రాగానే టవల్‌తో గట్టిగా తుడవండి. నీటిలోని ఒకరకం సూక్ష్మ పరాన్నజీవి తడి చర్మంలోకి దూరితే దురద దద్దుర్లు వస్తాయి, వెంటనే తుడిస్తే ఆ అవకాశం తగ్గుతుంది.

లైఫ్ జాకెట్ మీద కోస్ట్ గార్డ్ ఆమోదం ఉన్న లేబుల్ చూసి కొనండి. సైజు వయసుతో కాదు, బరువుతో: 30 పౌన్ల లోపు, 30–50, 50–90. బకిల్స్ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది వదులు, నీళ్లలో జారిపోతుంది. "పెరుగుతాడు కదా" అని ఒక సైజు పెద్దది కొనే అలవాటు బట్టలకు సరే, దీనికి మాత్రం కాదు. చేతులకు తొడిగే గాలి బుడగలు బొమ్మలే, రక్షణ కావు. 19 అడుగుల లోపు పడవల్లో పన్నెండేళ్లు, అంతకు లోపు పిల్లలకు జాకెట్ తొడగడం ఇక్కడ చట్టం. పాడిల్ బోర్డుకూ ఇది వర్తిస్తుంది. పసివాళ్లు నీళ్లలో ఉన్నంతసేపూ ఒక పెద్దమనిషి చేతికందే దూరంలో, ఫోన్ పక్కన పెట్టి నిలబడాలి. మునిగే పిల్లలు అరవరు, చేతులు ఊపరు. చప్పుడు లేకుండా మునిగిపోతారు. నాలుగు కుటుంబాలు కలిసి వెళ్లినప్పుడే ప్రమాదం ఎక్కువ, ఎవరో ఒకరు చూస్తున్నారులే అని అందరూ అనుకుంటారు. పదిహేను నిమిషాలకు ఒకరు చొప్పున పేరు పెట్టి వంతులు వేసుకోండి.

ఆటస్థలంలో బోర్డు మీద 2–5, 5–12 అని వయసులు రాసి ఉంటాయి. మెట్ల ఎత్తు, కమ్మీల మధ్య ఖాళీ ఆ వయసు లెక్కన కడతారు. మనవాళ్లు ప్రేమకొద్దీ చేసేది ఒకటుంది: ఏడాదిన్నర పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని జారుడుబల్ల మీద జారడం. పాప షూ అంచుకు తట్టుకుంటుంది, వెనక పెద్దవాళ్ల బరువుతో ముందుకు దూసుకుపోతారు, మోకాలి కింద ఎముక విరుగుతుంది. పాప ఒక్కతే జారితే కాలు తగిలినా ఆగిపోతుంది. అంత చిన్నపిల్లకు పొట్టి జారుడుబల్ల వెతికి, మీరు పక్కన నిలబడి చేయి పట్టుకోండి. హుడీ తాళ్లు, మెడలో గొలుసు, చున్నీ తీసేసి ఎక్కించండి, కమ్మీలకు చిక్కుకుంటాయి. ఉయ్యాల దగ్గర ఇంకో పిల్లాడు ఎదురుచూస్తుంటే కాసేపటికి దిగమనడం ఇక్కడి మర్యాద.

తిండికి పులిహోర, చపాతీ చుట్టలు, కోసిన దోసకాయ, ద్రాక్ష (నాలుగేళ్ల లోపు వాళ్లకు నిలువునా నాలుగు ముక్కలు చేసి) సరిపోతాయి. పెరుగన్నం, పనీర్ కూర ఐస్ వేసిన కూలర్‌లోనే పెట్టండి. బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు, 90°F (32°C) దాటితే ఒక్క గంటే. అన్నం వండినది కాబట్టి పులిహోరకూ అదే లెక్క.

బ్యాగులు కారు సీటు మీద వదలకండి, అద్దాలు పగలగొట్టి తీసుకుపోతారు. పాస్‌పోర్టులు ఇంట్లోనే ఉండనివ్వండి. ఆగస్టు, సెప్టెంబర్‌లలో అడవి మంటల పొగ కమ్మితే ఎయిర్‌నౌ (AirNow) సైట్‌లో గాలి నాణ్యత సూచీ చూడండి. 150 దాటితే ఇంట్లోనే ఆడించండి.

వెళ్లగానే ముందు ఒక గుర్తు చూపించి "తప్పిపోతే ఇక్కడికి రా" అని చెప్పండి, చేతి మీద మీ ఫోన్ నంబర్ పెన్నుతో రాయండి. పిల్ల కనబడకపోతే ముందు నీళ్లలో వెతకండి, ఆటస్థలం, బాత్‌రూం ఆ తర్వాతే. లైఫ్‌గార్డు ఉంటే వెంటనే చెప్పండి, లేకపోతే 911కు ఫోన్ చేసి పార్కు పేరు, ఒడ్డున మీరు నిలబడ్డ చోటు, పిల్ల బట్టల రంగు చెప్పండి. అమ్మమ్మ తాతయ్యల దగ్గర సిమ్ లేని పాత ఫోన్ ఉన్నా దాంతోనూ 911 కలుస్తుంది. కాకపోతే ఆ ఫోన్‌కు తిరిగి కాల్ రాదు, కాబట్టి వాళ్లు అడిగినవన్నీ చెప్పేదాకా పెట్టేయకూడదని పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.