టెక్ సందేహాలు: బటన్ నొక్కినా పాపప్ రాదేం?

ప్రశ్న: కోఠిలోని ఒక మందుల షాపుకి రియాక్ట్‌లో (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) బిల్లింగ్ అప్లికేషన్ రాశాను. ‘రశీదు’ బటన్ నొక్కితే సర్వర్ నుంచి బిల్లు తెచ్చి పాపప్ అనే చిన్న విండోలో చూపించాలి. నా ల్యాప్‌టాప్‌లో ఒక్కోసారి రెండు విండోలు వస్తున్నాయి. షాపు కంప్యూటర్‌లో ఒక్కటీ రావట్లేదు. రెండు చోట్లా క్రోమే. - ఒక పాఠకుడు, అమీర్‌పేట

జవాబు: ఆ రెండు విండోలే అసలు సంగతి పట్టిస్తున్నాయి. ఒక క్లిక్‌కి క్రోమ్ ఒక్క పాపప్‌నే రానిస్తుంది. రెండోది కూడా వచ్చిందంటే మీ ల్యాప్‌టాప్‌లో ఆ సైటుకి పాపప్ అనుమతి ఎప్పుడో ఇచ్చేసి ఉంటారు. సైట్ సెట్టింగ్స్‌లో అది తీసేసి, డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ వేగం తగ్గించి మళ్లీ నొక్కండి. షాపువాళ్ల బాధ మీకూ కనిపిస్తుంది.

రెండు రావడానికి కారణం: కొత్త విండో తెరిచే విండో.ఓపెన్‌ని, కాంపొనెంట్ (పేజీలోని ఒక భాగం) తెర మీదికి వచ్చాక నడిచే యూజ్‌ఎఫెక్ట్‌లో పెట్టారు. రియాక్ట్ 18 నుంచి తప్పులు పట్టించే స్ట్రిక్ట్ మోడ్, డెవలప్‌మెంట్‌లో (అప్లికేషన్ రాస్తున్న దశలో), కొత్తగా వచ్చిన కాంపొనెంట్ ఎఫెక్ట్‌ని కావాలనే రెండుసార్లు నడుపుతుంది. స్ట్రిక్ట్ మోడ్ తీసేస్తే సరిపోతుందనుకోకండి, తప్పు దానిది కాదు.

ఇక షాపులో ఎందుకు రాదంటే, క్లిక్ చేశాక క్రోమ్ ఇచ్చే గడువు సుమారు 5 సెకన్లు. బిల్లు వచ్చేసరికి అది దాటితే ఆ విండోకీ క్లిక్‌కీ సంబంధం లేదన్నట్టే లెక్క. సఫారీ ఇంకా బిగువు. అందుకే వరస మార్చండి. ఆన్‌క్లిక్ ఫంక్షన్‌లో మొట్టమొదటి లైనులోనే, అవెయిట్ (జవాబు కోసం ఆగే చోటు) రాకముందే, ఖాళీ విండో తెరవండి. అందులో ‘బిల్లు వస్తోంది...’ అని రాయండి. ఆ తర్వాత ఫెచ్ (సర్వర్ నుంచి బిల్లు తెచ్చే పిలుపు), అది రాగానే అదే విండోకి లొకేషన్ (బిల్లు పేజీ చిరునామా) ఇవ్వండి. ఫెచ్ విఫలమైతే విండోని మూసేయడం మరవకండి, లేదంటే కౌంటర్ మీద తెల్ల కాగితంలా అలాగే ఉండిపోతుంది.

విండో.ఓపెన్‌కి రెండో ఆర్గ్యుమెంట్‌గా ‘రశీదు’ అని పేరు పెడితే తర్వాతి బిల్లూ అదే విండోలోకి వస్తుంది. సైజు మూడోదాంట్లో: విడ్త్ 420, హైట్ 640. అక్కడే నోఓపెనర్ (కొత్త విండోకీ పాత పేజీకీ లంకె తెంపేది) చేర్చారో, విండో తెరుచుకున్నా మీ చేతికి నల్ (ఖాళీ విలువ) వస్తుంది. బ్లాకర్ అడ్డుకున్నా వచ్చేది నల్లే, కాబట్టి నల్ వస్తే పేజీలోనే మామూలు లింకు చూపించండి.

వేరే పేజీ లేకుండా క్రియేట్‌పోర్టల్‌తో కాంపొనెంట్‌నే ఆ విండోలో గీస్తున్నారా? అయితే స్టైళ్లు వెంట రావు. హెడ్‌లోని స్టైల్, లింక్ ట్యాగులను కాపీ చేయాలి. లింక్‌ల ఆన్‌లోడ్ అయ్యాకే ప్రింట్ పిలవాలి, లేకపోతే రశీదు బోసిగా అచ్చవుతుంది. అసలు పేజీని రిఫ్రెష్ చేస్తే పాపప్‌లోని బటన్లు పనిచేయవు, కాబట్టి పేజీ వదిలేటప్పుడు వచ్చే పేజ్‌హైడ్ ఈవెంట్‌లో దాన్ని మూసేయండి.

ప్రింటు కోసమే అయితే మాత్రం ఇంత తిప్పలెందుకు? దాచిన ఐఫ్రేమ్‌లో (పేజీలోనే ఇమిడే మరో పేజీ) బిల్లు పెట్టి ప్రింట్ పిలిస్తే పాపప్ బ్లాకర్ ఊసే ఉండదు.