ఖర్చుల అధ్యయనం ప్రభుత్వం పని, ఆపద్ధనం మీ పని

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాం. నాది హెచ్‌1బి ఉద్యోగం, నా భార్య ఇంట్లోనే ఉంటుంది, ఇద్దరు పిల్లలు. పెద్దబాబుకు అపెండిక్స్ ఆపరేషన్ అయింది. ఇన్సూరెన్స్ పోను మా వాటా 7,400 డాలర్లు. బ్యాంకులో 3,100 ఉన్నాయి. హైదరాబాద్ ఫ్లాట్‌కు నెలవారీ వాయిదా 1,200 కాక, అప్పు త్వరగా తీరాలని మరో 700 కడుతున్నాం. బిల్లు కోసం 401కె (ఉద్యోగుల పదవీ విరమణ పొదుపు ఖాతా) నుంచి అప్పు తీసుకోవాలా, క్రెడిట్ కార్డు వాడాలా? వైద్య ఖర్చులకు రాష్ట్రం 3.5 శాతం పరిమితి పెట్టిందట. ప్రీమియాలు తగ్గేదాకా చౌక ప్లాన్‌కు మారవచ్చా?

జవాబు: మూడూ వద్దు. మీలాగే చాలామంది ఊళ్లో ఆస్తికి ముందస్తుగా కడతారు, చేతిలో మాత్రం నగదు ఉంచుకోరు. అందుకే మీ ఉత్తరానికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ముందు ఆ 3.5 శాతం సంగతి. 2022 చట్టంతో కాలిఫోర్నియా వైద్య ఖర్చులపై నిఘాకు ఒక కార్యాలయం పెట్టింది. అది నిర్ణయించిన లక్ష్యం 2025, 2026లకు 3.5 శాతం, తర్వాతి రెండేళ్లకు 3.2, 2029 నుంచి 3. ఇవన్నీ పెరుగుదలకు హద్దులు, తగ్గింపు కాదు. లక్ష్యం ఏటా తు.చ. తప్పకుండా నెరవేరినా, 2024లో 100 డాలర్లయిన ఖర్చు 2029కి 117 దాటుతుంది. పైగా ఇది రాష్ట్రం మొత్తం మీద తలసరి లెక్క, మీ డిడక్టిబుల్‌తో (ఇన్సూరెన్స్ చెల్లించడం మొదలుపెట్టేలోపు ఏటా మీరే భరించే మొత్తంతో) దీనికి సంబంధం లేదు. మసాచుసెట్స్ ఇలాంటి కమిషన్‌ను 2012లోనే పెట్టింది. అది ఒక ఆసుపత్రి వ్యవస్థను ఖర్చు తగ్గించే ప్రణాళిక ఇమ్మని తొలిసారి ఆదేశించింది 2022లో. ఈ ప్రయత్నాలు అవసరమే, వాటిని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ వాటిని నమ్ముకుని ఇంటి బడ్జెట్ వేయకూడదు.

401కె అప్పు ఆలోచన మానుకోండి. ఉద్యోగం పోతే మిగిలిన బాకీని పన్ను రిటర్ను గడువులోగా కట్టాలి. లేకపోతే ఆదాయపు పన్నుతో పాటు 10 శాతం జరిమానా, కాలిఫోర్నియాలో ఇంకో 2.5 శాతం. హెచ్‌1బి మీద ఉన్నవారికి కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. ఆ రోజుల్లోనే కోబ్రా (ఉద్యోగం పోయాక కంపెనీ ఇన్సూరెన్స్‌ను సొంత ఖర్చుతో కొనసాగించే ఏర్పాటు) ప్రీమియం కూడా మీద పడుతుంది. కంపెనీల కుటుంబ ప్లాన్ల సగటు ప్రీమియం 2025లో ఏడాదికి 26,993 డాలర్లు. అంటే నెలకు దాదాపు 2,300 మీ జేబులోంచి పోతాయి. అప్పుడు ఆ 401కె అప్పు ఎలా తీరుస్తారు?

క్రెడిట్ కార్డు ఇంకా ప్రమాదం. 2025 నుంచి కాలిఫోర్నియా చట్టం వైద్య బాకీని క్రెడిట్ రిపోర్టులో చేర్చవద్దంటోంది. మామూలు కార్డు మీదికి మార్చిన క్షణం నుంచి అది వైద్య బాకీ కాదు, మామూలు అప్పు. ఉన్న రక్షణను మీ చేతులతో మీరే వదులుకుని, పైన వడ్డీ కూడా కడతారా?

ఫ్లాట్‌కు కట్టే అదనపు 700 ఈ నెల నుంచే ఆపండి. ఆసుపత్రిని వడ్డీ లేని వాయిదాలు అడిగి ఆ డబ్బు అటు మళ్లిస్తే పదకొండు నెలల్లో బిల్లు తీరుతుంది. 3,100 కదపకండి. బిల్లు తీరాక అదే 700 ఆపద్ధనంలోకి వెళ్లాలి. మొదటి మజిలీ డిడక్టిబుల్ మొత్తం. రెండోది మీ ప్లాన్‌లో ఏడాదికి మీరు భరించాల్సిన గరిష్ఠ మొత్తం. చట్టప్రకారం 2026లో ఇది కుటుంబానికి 21,200 డాలర్ల దాకా ఉండవచ్చు. ఆ తర్వాతే ఆరు నెలల ఇంటి ఖర్చు. పెద్ద అంకెలే, అయినా మీ కుటుంబానికి ఇంతకు తక్కువ చాలదు.

ఆ గరిష్ఠ మొత్తం చేతిలో లేనంతవరకు, ప్రీమియం తక్కువైనా డిడక్టిబుల్ ఎక్కువుండే చౌక ప్లాన్ జోలికి వెళ్లవద్దు. అలాంటి ప్లాన్‌తో వచ్చే హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల కోసం పన్ను మినహాయింపుతో దాచుకునే ఖాతా) ఉంటే మంచిదే, కానీ అందులో డబ్బు చేరేదాకా అది ఖాళీ ఖాతాయే.

ఆసుపత్రికి ఫోను చేసినప్పుడు ముందు పద్దులవారీ బిల్లు అడగండి. దాన్ని ఇన్సూరెన్స్ పంపిన వివరణ పత్రంతో వరుస వరుసా పోల్చి చూశాకే వాయిదాలకు ఒప్పుకోండి.