అమ్మ గాజులు తాకట్టు పెట్టి జర్మనీ వెళ్లాలా?

ప్రశ్న: మాది ఉప్పల్. డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. జర్మన్ నేర్చుకుని మధ్యస్థాయి పరీక్ష బీ1 పాసయ్యాను. వచ్చే ఏడాది జర్మనీలో ఒక యూనివర్సిటీ నడిపే నాలుగు వారాల సమ్మర్ కోర్సుకు అప్లై చేయాలనుంది. నాన్నకు చిన్న హార్డ్‌వేర్ షాపు. ‘నెల రోజుల ముచ్చటకు అంత డబ్బా?’ అంటున్నారు. అమ్మేమో నాన్నకు తెలియకుండా గాజులు తాకట్టు పెట్టి ఇస్తానంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయను?

సమాధానం: అప్లై చెయ్యమ్మా. గాజులు మాత్రం ముట్టుకోవద్దు.

అప్లై చేసినంత మాత్రాన వెళ్లి తీరాలనేం లేదు. ఇలాంటి కోర్సులకు జర్మనీకి చెందిన డీఏఏడీ సంస్థ స్కాలర్‌షిప్ ఇస్తుంది. అప్పటికి డిగ్రీలో రెండేళ్లు పూర్తయి ఉండాలి, భాషలో కనీసం బీ1 ఉండాలి. నీకు రెండూ సరిపోతాయి. అయితే దాని గడువు కోర్సుకు చాలా నెలల ముందే ముగుస్తుంది, సీటు కోసం యూనివర్సిటీకి విడిగా అప్లై చేసుకోవాలి. స్కాలర్‌షిప్ వచ్చినా ఖర్చంతా తీరకపోవచ్చు.

ఇక అమ్మ సంగతి. ఆవిడ ప్రేమను తప్పుపట్టను. కానీ ఆ తాకట్టు బయటపడిన రోజున నువ్వు జర్మనీలో ఉంటావు, సమాధానం చెప్పుకోవాల్సింది ఆవిడ ఒక్కతే. నెలనెలా వడ్డీ కోసం ఇంటి ఖర్చులో మిగిలించాల్సింది కూడా ఆవిడే. అది తెలిసీ నువ్వు అక్కడ మనసు పెట్టి చదవగలవా? ‘గాజులు వద్దమ్మా, నాన్నతో మాట్లాడేటప్పుడు నా పక్కన కూర్చో చాలు’ అని చెప్పు. అది ఆవిడ చేయగల పెద్ద సాయం.

మీ నాన్నగారు చదువుకు అడ్డు చెబుతున్నారని నాకు అనిపించడం లేదు. ఆయనకు ఇంతవరకూ ఎవరూ లెక్క చూపించలేదు, అంతే. కోర్సు ఫీజు, గది అద్దె, టికెట్, యూరప్‌కు కొద్దికాలానికి ఇచ్చే షెంగెన్ వీసా, దానికి తప్పనిసరైన, కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు కవరేజీ ఉండే ట్రావెల్ ఇన్సూరెన్స్... అన్నీ ఒక కాగితం మీద రాసి, స్కాలర్‌షిప్ వస్తే చేతినుంచి ఎంత పడుతుందో చూపించు. లాభం కూడా ఉన్నదున్నట్టు చెప్పు. వారానికి 25 గంటలనుకున్నా నాలుగు వారాలకు 100 గంటలు. ఒక్కో లెవెల్‌కు సాధారణంగా అంతకన్నా ఎక్కువే పడుతుంది కాబట్టి తిరిగొచ్చేసరికి తర్వాతి లెవెల్ బీ2 అయిపోదు. ఉద్యోగమూ వచ్చేయదు. కానీ దుకాణంలో, బస్సులో, హాస్టల్ వంటగదిలో రోజంతా ఆ భాషలోనే నెట్టుకు రావాలి. నోరు తిరగడానికి అంతకు మించిన దారి లేదు. క్లాసులో అది దొరకదు.

స్కాలర్‌షిప్ రాకపోతే? అప్పు చేసి వెళ్లమని మాత్రం నేను చెప్పను. ఇక్కడే హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథే జెంట్రుమ్ ఉంది, బీ2కు చదువుకుంటూ మళ్లీ ప్రయత్నించు.

ఇంకొక్కటి. అక్కడ వేసవి అంటే చాలావరకు జూలై, ఆగస్టు. అప్పుడు మనకు కాలేజీలు నడుస్తుంటాయి. నాన్నగారిని కదిపేముందే సెమిస్టర్ పరీక్షలు, అటెండెన్స్ సంగతి కాలేజీలో కనుక్కో. తేదీలు కుదరకపోతే మరో యూనివర్సిటీ కోర్సు చూడు, జర్మనీలో చాలా ఊళ్లలో ఇవి నడుస్తాయి.